మిర్యాలగూడ నియోజకవర్గము: పండ్రెండు ఎన్నికల చరిత్ర



పొలము గట్టు జానెడు జరిగినచో రైతు ఊరకుండడు. పెద్దమనుష్యులను పిలుచును, రెవెన్యూ లెక్కలు తీయించును, గొలుసు పట్టించి కొలిపించును. అదే రైతు వోటునకున్న గట్టు పది క్రోసులు జరిగినను అతడు పలుకడు. జరిగినట్లు అతనికి తెలియనే తెలియదు. వోటునకు గట్టేమిటని మీరడుగవచ్చును. నియోజకవర్గపు సరిహద్దే ఆ గట్టు. మన వోటు ఏ యే ఊళ్ల వోట్లతో కలిపి లెక్కింపబడవలెనో, మన ప్రతినిధి మనతో పాటు మరెవరికి జవాబు చెప్పుకొనవలెనో నిర్ణయించునది అదియే. ఆ గట్టు జరిగి, పేరుతో సహా మాసిపోయిన యొక నియోజకవర్గమును గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిని. అది తెలంగాణమునందలి మిర్యాలగూడ పార్లమెంటు నియోజకవర్గము. 1962లో పుట్టినది, 2004లో కడపటి ఎన్నిక చూచినది, 2008లో పటమునుండి తొలగినది.

మొదట పూర్వరంగము కొంత చెప్పవలెను. వయస్సు వచ్చిన ప్రతి స్త్రీకిని, ప్రతి పురుషునకును వోటు అను మాట నిజాము రాజ్యములో లేదు. 1946 మొదలు 1951 వరకు నల్లగొండ, వరంగల్లు ప్రాంతముల రైతులు వెట్టిచాకిరికిని, దేశముఖుల పెత్తనమునకును ఎదురు తిరిగి ఆయుధములు పట్టిరి. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసినది. 1951 అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ సాయుధ పోరాటమును విరమించినది. పిమ్మట కొద్ది మాసములలోనే మొదటి సార్వత్రిక ఎన్నికలు వచ్చినవి. తుపాకి దించిన చేతికి వోటు చీటి అందినది.

అప్పటికి మిర్యాలగూడ పేర పార్లమెంటు నియోజకవర్గము లేదు. నల్లగొండ యొక్కటే యుండెను. అది ఇద్దరు సభ్యులను పంపు ద్విసభ్య నియోజకవర్గము. హైదరాబాదు రాష్ట్రములో కమ్యూనిస్టు పార్టీపై నిషేధముండుటచే ఆ పక్షమువారు పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంటు అను పేర పోటీ చేసిరి. ఆ యెన్నికలలో రావి నారాయణరెడ్డిగారికి 3 లక్షలకు పైగా వోట్లు వచ్చినవి. ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూగారికి తమ నియోజకవర్గములో వచ్చిన వోట్ల కంటె ఇవి అధికము. ఫ్రంటు తరఫుననే సుంకం అచ్చాలుగారు రెండవ సభ్యులుగా ఎన్నికైరి. తొలిసారి వోటు చేతికి వచ్చినప్పుడు ఈ పల్లెలవారు దానిని ఎంత గట్టిగా వాడుకొనిరో దీనినిబట్టి తెలియును.

1961లో వచ్చిన చట్టముచే దేశమంతట ద్విసభ్య నియోజకవర్గములు రద్దైనవి. 1962 ఎన్నికలనాటికి మిర్యాలగూడ ప్రత్యేక నియోజకవర్గమై వెలసినది. అప్పుడే వోటు వేయు విధమును మారినది. 1952లోను, 1957లోను ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె యుండెడిది. పెట్టెమీది గుర్తును చూచి అందులో చీటి వేసెడివారు. 1962లో అభ్యర్థులందరి పేర్లును గుర్తులును ఒకే చీటిపై అచ్చొత్తి, కోరిన గుర్తుపై ముద్ర వేయు పద్ధతి సార్వత్రిక ఎన్నికలలోనికి వచ్చినది. 2004లో దేశమంతట లోక్‌సభ ఎన్నికలు మీట నొక్కు యంత్రములతో జరిగినవి. కనుక మిర్యాలగూడ జీవితము ముద్రతో మొదలై మీటతో ముగిసినది. ఆ రెంటినడుమ పండ్రెండు సార్వత్రిక ఎన్నికలు జరిగినవి.

1962లో కమ్యూనిస్టు పార్టీకి చెందిన లక్ష్మీదాసుగారు గెలిచిరి. 1964లో కమ్యూనిస్టు పార్టీ రెండుగా చీలినది. ఆ చీలిక తరువాత వచ్చిన 1967 ఎన్నికలో కాంగ్రెసు అభ్యర్థి జి.ఎస్. రెడ్డిగారు గెలిచిరి.

1971 ఎన్నిక ప్రత్యేకముగా చెప్పుకొనదగినది. 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమము ఉప్పెనవలె లేచినది. 1971లో తెలంగాణమునందలి 14 స్థానములలో 10 తెలంగాణ ప్రజాసమితికి దక్కినవి. పొరుగున నున్న నల్లగొండ సైతము ఆ పక్షమునకే పోయినది. మిర్యాలగూడ మాత్రము మార్క్సిస్టు పార్టీకి చెందిన భీమిరెడ్డి నరసింహారెడ్డిగారిని గెలిపించినది. ఆ పార్టీ అప్పుడు సమైక్య రాష్ట్రమును కోరుచుండెను. నరసింహారెడ్డిగారు సాయుధ పోరాట నాయకులలో ఒకరు, తుంగతుర్తి ప్రాంతమువారు. పక్షము చెప్పిన మాటకంటె మనిషి చేసిన పని పల్లెకు ఎక్కువగా గుర్తుండునని ఈ ఫలితమునుబట్టి నాకు తోచుచున్నది.

1977లో జి.ఎస్. రెడ్డిగారు మరల గెలిచిరి. ఉత్తరదేశమంతట కాంగ్రెసు ఓడిన ఆ యేట ఆంధ్రప్రదేశములో 42 స్థానములకు 41 కాంగ్రెసుకే వచ్చినవి. 1980లోను ఆయనయే నెగ్గిరి. 1984లో తెలుగుదేశము రాష్ట్రములో 30 స్థానములు గెలిచినప్పుడు, ఆ పార్టీతో పొత్తు కుదిరిన మార్క్సిస్టు పార్టీ తరఫున నరసింహారెడ్డిగారు తిరిగి ఎన్నికైరి. 1989లో కాంగ్రెసు రాష్ట్రములో 39 స్థానములు గెలిచినది. మిర్యాలగూడలో ఆ పార్టీకి చెందిన బద్దం నరసింహారెడ్డిగారు గెలిచిరి. పదునెనిమిదేండ్ల పిల్లలు మొట్టమొదట వోటు వేసిన సార్వత్రిక ఎన్నిక అదియే. 1991లో భీమిరెడ్డివారు మూడవమారు నెగ్గిరి. 1996లోను, 1998లోను బద్దంవారు నెగ్గిరి. ఇద్దరి పేరును నరసింహారెడ్డియే, పక్షములు వేరు. కావున ఆ తరపు వోటరులు భీమిరెడ్డి, బద్దం అను ఇంటిపేర్లను బాగుగా గుర్తు పెట్టుకొనవలసి వచ్చెను.

1999లో కాంగ్రెసు అభ్యర్థి సూదిని జైపాల్‌రెడ్డిగారు గెలిచిరి. ఆ యేట రాష్ట్రములో కాంగ్రెసుకు వచ్చినవి 5 స్థానములే; వానిలో మిర్యాలగూడ యొకటి. 2004లోను ఆయనయే గెలిచిరి. నలువదేండ్లుగా ఈ నేలపై ఎదురెదురుగా నిలిచిన కాంగ్రెసు, కమ్యూనిస్టు పక్షములు ఆ యెన్నికలో పొత్తు కట్టి ఒకే వైపున నిలిచినవి. అది నియోజకవర్గమునకు కడపటి ఎన్నిక యగుట కాకతాళీయమే. ఎన్నికైన పిమ్మట జైపాల్‌రెడ్డిగారు కేంద్రములో సమాచార ప్రసార శాఖామంత్రియైరి. ఆకాశవాణి వ్యవహారములు చూచు శాఖ అదియే. ఆయన 2019లో కాలధర్మము చెందిరి.

ఇక లెక్క చూతము. పండ్రెండు ఎన్నికలలో కాంగ్రెసు ఎనిమిది మారులు, కమ్యూనిస్టులు నాలుగు మారులు గెలిచిరి. గెలిచిన మనుష్యులు ఐదుగురే. లక్ష్మీదాసుగారు ఒకమారు, జి.ఎస్. రెడ్డిగారు మూడుమారులు, భీమిరెడ్డివారు మూడుమారులు, బద్దంవారు మూడుమారులు, జైపాల్‌రెడ్డిగారు రెండుమారులు గెలిచిరి. ఆ ఐదుగురిలో ఒక్క స్త్రీయు లేదు. సాయుధ పోరాటములో తుపాకి పట్టిన మల్లు స్వరాజ్యముగారు భీమిరెడ్డివారి సోదరి. ఆమె 1978లోను, 1983లోను తుంగతుర్తినుండి శాసనసభకు ఎన్నికైరి. అట్టి స్త్రీలు పుట్టిన నేలనుండి నలువదేండ్లలో ఒక్క స్త్రీని పార్లమెంటునకు పంపలేకపోవుట లోటేయని నా అభిప్రాయము. పెద్దలు దీనిని ఆలోచింపవలెను.

ఈ యెన్నికల వెనుక నీటి కథ యొకటి కలదు. 1955 డిసెంబరు 10వ తేదీన నందికొండవద్ద నాగార్జునసాగరమునకు నెహ్రూగారు పునాదిరాయి వేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదలిరి. ఎడమ కాలువ పారినమేర మిర్యాలగూడ, హుజూర్‌నగరు, కోదాడ ప్రాంతములు వరిపొలములైనవి. మిర్యాలగూడ పట్టణము బియ్యపు మిల్లులకు పేరుగాంచినది. తుంగతుర్తి, సూర్యాపేట వైపు మెట్ట నేలలు మాత్రము ఆ కాలువకు అందలేదు. వారు శ్రీరామసాగరమునుండి గోదావరి నీరు వచ్చునని ఏండ్లతరబడి ఎదురు చూచిరి. తడి పొలమువాడును, మెట్ట పొలమువాడును ఒకే నియోజకవర్గములో నుండుటచే, గెలిచినవాడు ఎవరైనను ఇద్దరి ముఖమును చూడవలసి వచ్చెను. కాలువవారికి తూములు, కట్టలు, చివరి భూములకు నీరు. మెట్టవారికి అసలు కాలువయే. ఒకే సభలో ఈ రెండు అర్జీలును ఆయన చేతికి వచ్చుచుండెను.

నీటికై పల్లెలు వోటును ఎట్లు వాడుకొనగలవో పొరుగు నల్లగొండవారు 1996లో చూపిరి. ఫ్లోరైడు నీటిచే ఎముకలు వంగిపోవుచున్న ఊళ్లగోడు ఢిల్లీకి వినబడవలెనని జలసాధన సమితి తలపెట్టిన నిరసనలో వందలాది మంది నామపత్రములు వేసిరి. కడకు 480 మంది అభ్యర్థులు పోటీలో నిలిచిరి. వోటు చీటి పుస్తకమంతయైనది. వారిలో ముగ్గురికి తప్ప తక్కినవారికి డిపాజిట్లు దక్కలేదు. అయినను వారి బాధ దేశమంతట తెలిసినది. ఆ యేడే పార్లమెంటు డిపాజిట్టు మొత్తమును 500 రూపాయలనుండి 10,000 రూపాయలకు పెంచుచు చట్టము చేసినది.

ఇట్టి చరిత్రగల నియోజకవర్గము ఏల పోయినది? ఎవరి ద్వేషముచేతను కాదు, లెక్కచేత పోయినది. ఒక వోటు విలువ మరియొక వోటు విలువతో సమానముగా నుండవలెనన్నచో నియోజకవర్గముల జనసంఖ్య ఇంచుమించు సమానముగా నుండవలెను. జనము ఒకచోట పెరిగి మరియొకచోట తగ్గినప్పుడు గీతలు మార్చక తప్పదు. 2002 నాటి చట్టము ననుసరించి, న్యాయమూర్తి కుల్దీప్‌సింగుగారి అధ్యక్షతన ఏర్పడిన పునర్విభజన సంఘము 2001 జనగణనను ఆధారము చేసికొని గీతలు తిరిగి గీసినది. 2008 ఫిబ్రవరి 19వ తేదీనుండి అవి అమలులోనికి వచ్చినవి. ఆంధ్రప్రదేశములో మొత్తము స్థానములు 42గానే నిలిచినవి. కాని ఏడు పేర్లు పోయినవి: మిర్యాలగూడ, హనుమకొండ, సిద్దిపేట, భద్రాచలము, పార్వతీపురము, బొబ్బిలి, తెనాలి. ఏడు పేర్లు వచ్చినవి: మల్కాజిగిరి, చేవెళ్ల, జహీరాబాదు, భువనగిరి, మహబూబాబాదు, అరకు, విజయనగరము.

ఈ రెండు పట్టీలను పక్కపక్కన పెట్టి చూడుడు. హైదరాబాదు పొలిమేరలో మల్కాజిగిరి, చేవెళ్ల క్రొత్తగా పుట్టినవి. పల్లెల పేర్లు పోయి పట్టణపు అంచులు పైకి వచ్చినవి. మల్కాజిగిరిలో 2019 నాటికి 31 లక్షలకు పైగా వోటరులుండిరి. దీనిని చూచి నగరము మన స్థానమును మ్రింగినదని కొందరు బాధపడుదురు. ఆ బాధ నాకును అర్థమగును. కాని ఆ 31 లక్షలలో ఎందరు మన ఊళ్లనుండి పోయినవారో ఆలోచింపుడు. పని వెదకికొని పోయిన మన కొడుకులు, కూతుండ్లు, అల్లుండ్రు అచ్చట నున్నారు. పట్నములో వేసినంత మాత్రమున వారి వోటు తక్కువ విలువది కాకూడదు. కనుక లెక్క మారుటను నేను తప్పుపట్టను. గీత మారునప్పుడు మనము నిద్రపోవుటను తప్పుపట్టుదును.

మిర్యాలగూడ విడిపోయిన తీరు చూడుడు. మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ శాసనసభా స్థానములు నల్లగొండ పార్లమెంటు నియోజకవర్గములో చేరినవి. హుజూర్‌నగరు స్థానము తిరిగి ఏర్పడి అదియు నల్లగొండలోనే చేరినది. చలకుర్తి అను పాత స్థానము పోయి నాగార్జునసాగరు అను పేర క్రొత్తది వచ్చి అచ్చటనే కలిసినది. భీమిరెడ్డివారి తుంగతుర్తి మాత్రము విడివడి భువనగిరి పాలైనది. హైదరాబాదు అంచునున్న ఇబ్రహీంపట్నము, మెట్ట నేలల తుంగతుర్తి ఇప్పుడు ఒకే ప్రతినిధిని ఎన్నుకొనవలెను. భీమిరెడ్డివారు ఆ యేడే, 2008 మే నెలలో, మరణించిరి. జైపాల్‌రెడ్డిగారు 2009లో చేవెళ్లకు పోయి అచ్చట గెలిచిరి. నాయకునకు మరియొక స్థానము దొరకును. ఊరికి అట్లు లేచిపోవు వీలు లేదు. ఎచ్చట గీత గీసిన అచ్చటనే యుండవలెను.

ఆ ప్రాంతపు వృద్ధుని నొకనిని, మీ పార్లమెంటు నియోజకవర్గమేది యని నేనడిగితిని. మిర్యాలగూడ యని ఆయన తడువుకొనక చెప్పెను. అప్పటికి అది పోయి ఎన్నో ఏండ్లైనది. ఆయన క్రొత్త నియోజకవర్గములో అనేక పర్యాయములు వోటు వేసియుండెను. గుర్తు తెలియును, అభ్యర్థి తెలియును. గట్టు మాత్రము తెలియదు. ఇది ఆయన యొక్కరి సంగతి కాదు. దీనివలన కలుగు నష్టమేమనగా, ఎవరిని అడుగవలెనో తెలియనివాడు ఎవరినీ అడుగడు.

మరల గీతలు మారు కాలము రాక తప్పదు. 2002లో అమలులోనికి వచ్చిన 84వ రాజ్యాంగ సవరణ, స్థానముల సంఖ్యను 2026 తరువాత జరుగు మొదటి జనగణన వరకు మార్చరాదని కట్టడి చేసినది. అట్టి కట్టడులు ఎల్లకాలము నుండునవి కావు. ఎప్పుడు మారినను, మారునప్పుడు మనమేమి చేయవలెనో ముందే తెలిసికొనుట మంచిది. 2002 చట్టములోని పద్ధతిని చూచిన అది తెలియును.

నియోజకవర్గము వీలైనంతవరకు ఒకే ముద్దగా నుండవలెనని ఆ చట్టము చెప్పుచున్నది. కొండలు, నదులు, పరిపాలనపు హద్దులు, రాకపోకల సౌకర్యము, ప్రజల అనుకూలము చూడవలెనని చెప్పుచున్నది. సంఘము మొదట ముసాయిదాను ప్రకటించును. అభ్యంతరములకు గడువిచ్చును. పిమ్మట బహిరంగ సభలు జరిపి ప్రజల మాట వినును. సాధారణముగా ఒక్కొక్క రాష్ట్రమునుండి ఐదుగురు లోక్‌సభ సభ్యులు, ఐదుగురు శాసనసభ్యులు సహసభ్యులుగా కూర్చుందురు. కాని వారికి నిర్ణయములో వోటు లేదు. తుది ఉత్తర్వులను దేశభాషా పత్రికలలో ప్రకటించి, రేడియోలో తెలుపవలెనని కూడ ఆ చట్టములో నున్నది. అయితే రేడియోలో మీరు వినునప్పటికి అవి తుది ఉత్తర్వులై యుండును. వానికి చట్టముతో సమానమైన బలము కలదు. న్యాయస్థానములో ప్రశ్నింపరాదని చట్టమే చెప్పుచున్నది. ఉత్తర్వు బొత్తిగా నిరంకుశమై రాజ్యాంగ విలువలకు విరుద్ధమైనచో విచారింపవచ్చునని 2024లో సుప్రీంకోర్టు చెప్పినది. కాని అది ఇరుకు సందు. ఊరివారందరు నడువగల రాజబాట కాదు.

కాబట్టి ముసాయిదాకును, తుది ఉత్తర్వునకును నడుమనున్న ఆ కొద్దిదినములే మన అదను. అదను తప్పిన సేద్యము ఎట్టిదో మీకు నేను చెప్పనక్కరలేదు. ముసాయిదా వచ్చినప్పుడు చదువు వచ్చినవారు దానిని గ్రామసభలో అందరికిని చదివి వినిపింపవలెను. మీ ఊరు ఎచ్చట పడినదో చూడవలెను. బస్సు ఏ పట్టణమునకు పోవును, ఏరు ఎచ్చట అడ్డుపడును, మీ భూములకు నీరు ఏ కాలువది, సంతకు, ఆసుపత్రికి జనము ఎచ్చటికి పోవుచున్నారు, ఇట్టి సంగతులు వ్రాసి పంపవలెను. సభ జరుగు చోటికి నలుగురు పెద్దలు పోయి చెప్పవలెను. ఫలాని నాయకునకు నష్టము, ఫలాని పక్షమునకు లాభము అని వ్రాసిన అర్జీకి ఆ చట్టములో చోటు లేదు. అది కాగితము ఖర్చు మాత్రమే. పాత పేరుపై మమకారమును మాత్రమే చెప్పుకొన్నను ప్రయోజనముండదు.

మరియొక చిన్న పని కలదు. 1962లో తొలిసారి ముద్ర వేసిన చేతులు నేడు మన పల్లెలలో ఏ కొన్నియో మిగిలియున్నవి. ఎవరు గెలిచిరో ప్రభుత్వపు లెక్కలలో దొరకును. బండ్లు కట్టుకొని ఎంత దూరము పోయి వోటు వేసిరో, స్త్రీలు మొదట ఎట్లు వచ్చిరో, గెలిచినవాడు చెప్పినమాట నిలుపుకొనెనో లేదో ఆ లెక్కలలో దొరకదు. మీ ఊరి బడిలోని పెద్దపిల్లలచేత ఆ సంగతులు ఒక నోటుపుస్తకములో వ్రాయింపుడు. అందులో మొదటి పుటపై మీ ఊరు ఇంతవరకు ఏ యే నియోజకవర్గములలో నుండెనో సంవత్సరములతో సహా వ్రాయింపుడు. మీ ఊరి వోటునకు అదియే పహాణి. రేపు సంఘమువారు గీత గీయుటకు వచ్చినప్పుడు మీ చేతిలో ఆ పుస్తకముండవలెను.